బానెట్ కింద స్పాంజి

ఏసుపాదం మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టే ఉంటుంది. కాలేజీలో కొత్తగా చేరిన ఆడపిల్లలు మొదటి వారమంతా అతన్ని చూసి హడలిపోతారు. "ఎక్కండమ్మా" అన్న మాట కూడా కసిరినట్టే వినపడుతుంది మరి. అది కోపం కాదు, చెవుడు. తన గొంతు తనకు వినపడాలంటే అతను అంత గట్టిగా మాట్లాడాల్సిందే.

ఉయ్యూరు పక్క పల్లెలో పుట్టి, చెరకు లారీ మీద క్లీనరుగా ఎక్కి, అక్కడే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక తెరేసమ్మ పోరగా పోరగా లారీ మానేసి, బెజవాడ శివార్లలో ఉన్న ఒక ఆడపిల్లల కాలేజీలో బస్సు డ్రైవరుగా చేరాడు. లారీ అయినా బస్సు అయినా ఇంజను మాత్రం అతని ఎడమ మోకాలి పక్కనే ఉండేది. మధ్యలో ఒక రేకు బానెట్, అంతే అడ్డం. మొదట ఎడమ చెవి మొద్దుబారింది. తర్వాత కుడిచెవిలో కీచురాయి కూసినట్టు ఒక మోత మొదలై ఇక ఆగలేదు. చర్చిలో కీర్తన ఎత్తుకునేది ఎప్పుడూ అతనే. శ్రుతి తప్పుతున్నాడని పక్కవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం గమనించి, ఒక ఆదివారం నుంచి పెదవులు కదపడం తప్ప పాడటం మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవరూ అడగలేదు. ఆ మంట అతని కడుపులో అలాగే ఉండిపోయింది.

ఆ ఏడు కాలేజీకి తనిఖీకి వచ్చిన పెద్దలు అతని బస్సులోనే ఊరు చూడటానికి వెళ్ళారు. వాళ్ళలో ఒకాయన దారి పొడుగునా ఫోను చెవికి అదిమిపట్టుకుని "హలో హలో" అని అరుస్తూనే ఉన్నాడు. దిగాక, "ఇది బస్సా, పిండిమరా?" అన్నాడు. కాలేజీ పాలనా వ్యవహారాలన్నీ చూసే ఏ.ఓ. కోదండపాణి గారికి ఆ మాట గుచ్చుకుంది. ఏ పనైనా సాయంత్రంలోగా తేలిపోవాలనే మనిషి ఆయన. ఆన్‌లైన్ పాఠాలు రికార్డు చేయడానికి కట్టిన గదిలో గోడలకు అతికించగా మిగిలిన స్పాంజి పలకలు స్టోరులో పడున్నాయి. కోడిగుడ్ల అట్టలాగా ఎత్తుపల్లాలతో, బూడిద రంగులో ముచ్చటగా ఉంటాయవి. "గదిలో మోతను మింగింది, బస్సులో మింగదా?" అని ఆయన ఎలక్ట్రీషియన్ని పిలిచి, అన్ని బస్సుల బానెట్ మూతలకూ లోపలివైపు, ఇంజనుకు ఎదురుగా, ఆ పలకలు అతికించేయమన్నారు.

నిజం చెప్పాలంటే ఏసుపాదం సంతోషించాడు. బండి స్టార్టు చేసి, ఏదో తేడాగా ఉందనిపించి మళ్ళీ ఆపి, మళ్ళీ స్టార్టు చేశాడు. మోత సగానికి పడిపోయింది. వెనక లారీవాడు కొట్టే హారను అద్దంలో చూడకుండానే తెలిసింది. ఇంటికెళ్ళి తెరేసమ్మతో, "ఏ.ఓ. గారు మంచి పని చేశారే" అన్నాడు. ఆ మాట అన్నందుకు తర్వాత తనను తాను ఎన్ని తిట్టుకున్నాడో లెక్కలేదు.

కొన్ని నెలలు గడిచాయి. చక్కెర మిల్లులో చెరకు క్రషింగు జోరుగా ఉన్న రోజులవి. ఒక ఉదయం ఉయ్యూరు దాటకముందే బందరు రోడ్డు నిండా చెరకు ట్రాక్టర్లు నిలిచిపోయాయి. బస్సు ఫస్టు గేరులో కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. ఇంజను బాగా వేడెక్కింది. ముందు ఒక రకం తియ్యటి కంపు కొట్టింది. డీజిలు కాదు, రబ్బరు కాదు, అతనెరిగిన వాసన కాదు. హ్యాండ్‌బ్రేక్ లాగి బానెట్ కొక్కెం తీసి మూత కాస్త ఎత్తాడు. అంతే, లోపలినుంచి మంట బుస్సున లేచింది.

ఇన్నాళ్ళూ ఇంజను నుంచి చిందిన ఆయిలంతా స్పాంజి పీల్చుకుని కూర్చుంది. అదిప్పుడు వత్తిలాగా అంటుకుంది. ఏసుపాదం ఎడంచేత్తో మూతను అదిమిపట్టి, "దిగండే! వెనక తలుపు! దిగండి!" అని అరిచాడు. ఆ గొంతు ఆ రోజు అందరికీ పనికొచ్చింది. కెమిస్ట్రీ చెప్పే హెలెన్ మేడమ్ కూడా ఆ బస్సులోనే వస్తుంది. ఆమె ముందు సీటులోంచి పరుగెత్తి వెనక ఎమర్జెన్సీ తలుపు తెరిచి పిల్లల్ని ఒక్కొక్కర్నే కిందికి తోసింది. నల్లటి పొగ కాసేపట్లోనే బస్సు కప్పు నుంచి సీట్ల దాకా దిగిపోయింది. బానెట్ పక్క సీటులో ఉన్న అక్షయ అనే అమ్మాయి లేవబోతుండగా, మూత అంచు నుంచి కరిగి కారిన స్పాంజి చుక్కలు ఆమె ముంజేతి మీద పడి అతుక్కుపోయాయి. ఆ పిల్ల కేక ఏసుపాదానికి స్పష్టంగా వినపడింది. మూత వదిలేసి ఆమెను రెక్క పట్టి తన వైపు తలుపులోంచి లాగేశాడు. అప్పటికి అతని ఎడమ అరచెయ్యి కమిలిపోయి ఉంది.

వెనకనున్న ఆర్టీసీ డ్రైవరు తన బస్సులోని మంటలార్పే సిలిండరు తెచ్చి మంట మీద కొట్టాడు. ట్రాక్టర్ల వాళ్ళు చేతులతో, తట్టలతో మట్టి ఎత్తిపోశారు. మంట ఆరింది. పిల్లలందరూ బతికారు. బస్సు ముందుభాగం బొగ్గయింది.

మధ్యాహ్నం ఆసుపత్రికి ఏ.ఓ. గారొచ్చారు. అక్షయను చూసి, తల్లితో మాట్లాడి, తర్వాత ఏసుపాదం మంచం దగ్గరికొచ్చి వంగి అడిగారు.

"ఏసుపాదం, నిజం చెప్పు. బీడీ గానీ కాల్చావా?"

ఏసుపాదం మొదట తనకు సరిగ్గా వినపడలేదనుకున్నాడు. "ఏంటండీ?" అన్నాడు.

"బీడీ. లేదా ఆయిలు గుడ్డ ఏదైనా బానెట్ లోపల పెట్టి మర్చిపోయావా?"

"బీడీయా!" వార్డంతా తిరిగి చూసింది. "నేను పుట్టాక బీడీ ముట్టిన మనిషిని కాదండీ! అంటుకుంది మీరు పెట్టించిన స్పాంజి! నా చేత్తో పట్టుకుని చూశాను, నా చెయ్యే సాక్ష్యం!"

"గట్టిగా అరవకు. ఆ స్పాంజి మన రికార్డింగ్ గదిలోనూ ఉంది. అక్కడేం కాలేదే?" అని ఆయన చేతి గడియారం చూసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రానికి ఆ బీడీ మాట తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తిరిగేసింది. మర్నాడు వరండాలో అక్షయ తల్లి కనకలక్ష్మి ఎదురైంది. నిన్న ఇతని కుడిచెయ్యి పట్టుకుని ఏడ్చిన మనిషి ఇవాళ మొహం తిప్పుకుని గోడవారగా నడిచిపోయింది. కాలిన చెయ్యి కన్నా అది ఎక్కువ మండింది. ఇంటికొచ్చి అన్నం కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు.

"ఏమయ్యా, తిను. దేవుడికి తెలుసు నువ్వేంటో" అంది తెరేసమ్మ.

"దేవుడికి తెలిస్తే చాలదే. ఆ తల్లికి తెలియాలి!" అని కంచం పక్కకి నెట్టేశాడు.

విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. హెలెన్ మేడమ్ ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి, తాను ముందు సీటులోనే ఉన్నానని, బీడీ లేదు గీడీ లేదని చెప్పింది. ఆయన నెమ్మదస్తుడు. విని తలూపాడు, ఏసుపాదాన్ని మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు. బీడీ మాట తప్పని మాత్రం ఎవరూ ఎక్కడా చెప్పలేదు. మిగతా బస్సులకూ అతికించిన స్పాంజినంతా ఏ.ఓ. గారు పీకించేశారు. ఏసుపాదం పాత స్పేరు బస్సు ఎక్కి స్టార్టు చేయగానే ఆ మోత మళ్ళీ వచ్చి చెవుల్లో మేకులు దిగ్గొట్టింది. బండి అక్కడే ఆపేసి తిన్నగా ఆఫీసుకెళ్ళాడు.

"సార్, స్పాంజి పీకేశారు సరే. దాని బదులు ఏం పెడతారు?"

"ఏం పెట్టం. ఇన్నేళ్ళు అది లేకుండానే నడిపారుగా? మళ్ళీ ఫోము అంటే తల్లిదండ్రులు నన్ను తినేస్తారు" అన్నారు కోదండపాణి గారు, తలెత్తకుండానే.

"ఇన్నేళ్ళు నడిపితే ఏమైందో తెలుసాండీ? నా భార్య పక్కగదిలోంచి పిలిస్తే నాకు వినపడదు. షెడ్డులో ఉన్న డ్రైవర్లలో సగం మందికి వినపడదు. పిల్లలు కాలకుండా ఉండాలంటే మేం చెవిటోళ్ళం కావాలా? మా చెవులు బాగుండాలంటే పిల్లలు కాలాలా? ఈ రెండే ఉన్నాయా లోకంలో?"

"ఇంకేదన్నా ఉంటే నువ్వే చూపించు" అన్నారాయన, విసుగ్గా. పొమ్మనడానికి అన్న మాట అది. ఏసుపాదం దాన్ని పని అప్పగించినట్టే తీసుకున్నాడు.

చేతి కట్టుతోనే బెజవాడ గవర్నర్‌పేట వెళ్ళాడు. ఫోము, రెక్సిను అమ్మే హోల్‌సేల్ షాపు ముందు నిలబడి, ఇంజను దగ్గర పెట్టడానికి అంటుకోని స్పాంజి కావాలన్నాడు. షాపాయన నవ్వుతూ ఒక నల్లటి ముక్క చేతిలో పెట్టి, "పక్కా ఫైర్ ప్రూఫ్ అండీ, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి" అన్నాడు. ఏసుపాదం కళ్ళు మూసుకోలేదు. పక్క కొట్టులో అగ్గిపెట్టె కొని, ముక్కను ఫుట్‌పాత్ మీద పెట్టి వెలిగించాడు. పుల్ల పెట్టగానే ముక్క భగ్గుమంది. కరిగి సిమెంటు మీద కారుతూ కూడా మండుతూనే ఉంది.

"ఇదా మీ ఫైర్ ప్రూఫు? ఇదా? ఈ చుక్కలే ఆ పసిదాని చేతిమీద పడ్డాయి!" అని అరిచిన అరుపుకు ఆటోలు ఆగిపోయాయి, పక్క లాడ్జి బాల్కనీలోకి మనుషులొచ్చారు. షాపాయన బెంబేలెత్తి, లోపలినుంచి ఇంకో రకం తెచ్చిచ్చాడు. దానికి పుల్ల పెడితే నల్లబడింది, పుల్ల తీయగానే ఆరిపోయింది. రెండుసార్లు పెట్టినా అంతే. ఏసుపాదం ఊపిరి పీల్చుకున్నాడు. "ఇది ముందే చూపిస్తే నీ సొమ్మేం పోయింది?" అని కసిరి, ఆ ముక్క జేబులో పెట్టుకున్నాడు.

దాన్ని బానెట్‌కు కొలిచి కోసేవాళ్ళెవరని అడిగితే ఆటోనగర్‌లో ఖాలిక్ పేరు చెప్పారు. జనరేటర్లకు మోత బయటికి రాకుండా పెట్టెలు కట్టడం, బస్సులకు లోపలి లైనింగు వేయడం ఖాలిక్ పని. చుట్టూ రేకుల మీద సుత్తి దెబ్బలు, గ్రైండర్ల కీచులు. ఏసుపాదం తన కథంతా ఒక్క ఊపిరిలో అరిచి చెప్పాడు. ఖాలిక్ చెయ్యి చెవి వెనక పెట్టుకుని, "కొంచెం గట్టిగా చెప్పు భాయ్, నాక్కూడా వినపడదు" అన్నాడు. బస్సు అంటుకున్న తర్వాత ఏసుపాదం మొదటిసారి నవ్వింది అప్పుడే. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం మీద ఒకరు కేకలేసుకుంటూ మాట్లాడుకున్నారు.

ఖాలిక్ ఆ గవర్నర్‌పేట ముక్కను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "మంచిదే. గోడకి మంచిది. నువ్వు పెట్టేది ఎక్కడ?" అని, పక్కనున్న డబ్బాలోని పాత ఇంజను ఆయిల్లో ముంచి, పిండి, పటకారుతో పట్టుకుని నిప్పు చూపించాడు. కాస్సేపు ఆగి అంటుకుంది. అంటుకున్నాక ఇక ఆరలేదు.

ఏసుపాదం అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఇంకో గంట గడిస్తే ఏ.ఓ. చేసిన పనే తనూ చేసుండేవాడు. గోడకు పనికొచ్చేదాన్ని తీసుకెళ్ళి ఇంజనుకు అతికించేవాడు. అది తలుచుకుంటే ఏ.ఓ. మీద కోపం తగ్గాలి. కానీ పెరిగింది. తను కనీసం ఒకడి దగ్గరికొచ్చి అడిగాడు. ఆయన ఎవర్నీ అడగలేదు. పైగా నింద తెచ్చి తన నెత్తిన పెట్టాడు.

ఖాలిక్ లోపలినుంచి బూడిదరంగు ఫోము తెచ్చాడు. ఒకవైపు వెండిరంగు రేకు అంటించి ఉంది. "ఫైర్ ప్రూఫ్ అని ఎవడన్నా అంటే నమ్మకు భాయ్. మంట చూపిస్తే ఏదైనా నల్లబడుద్ది. నిప్పు తీస్తే తనంతట తను ఆరాలి, కరిగి కారకూడదు, పొగ తక్కువ రావాలి. పిల్లలు దిగేంత టైమివ్వాలి, అదీ సంగతి. ఇక ఇంజను దగ్గరైతే ఆయిలు లోపలికి దిగకూడదు. అందుకే ఈ వెండి రేకు. కోసిన అంచులు కూడా టేపుతో మూసెయ్యాలి, లేకపోతే అక్కడినుంచి తాగుద్ది."

"మోత తగ్గుద్దా?"

"ఉత్త ఫోముతో కొంచెమే. ఫోము మోతని పీల్చుకుంటది, ఆపదు. ఆపాలంటే బరువు కావాలి. ముందు రేకుకి బరువైన షీటు, దాని మీద ఇది. గమ్ము కూడా చూసుకోవాలి, మామూలు గమ్ము అంటుకుంటది. అంచుల్లో పిన్నులు కొట్టాలి, ఊడి సైలెన్సర్ గొట్టం మీద పడకుండా."

ఆయిల్లో ముంచి అతని ఎదురుగానే నిప్పు చూపించాడు. పైన అంటిన ఆయిలు కాస్త మండి ఆరిపోయింది. తుడిస్తే వెండి రేకు నల్లబడి ఉంది, లోపలి ఫోము పొడిగా ఉంది. ఏసుపాదం ముక్కను తిప్పి తిప్పి చూసి, వాసన చూసి, "దీన్ని మా వాళ్ళ ముందు కాల్చాలి. వస్తావా?" అన్నాడు. ఖాలిక్ వస్తానన్నాడు.

హెలెన్ మేడమ్ ఏర్పాటు చేయించింది. తయారుచేసిన కంపెనీ దగ్గర్నుంచి ఆ ఫోముకు చేసిన మంట పరీక్షల రిపోర్టు కూడా ఖాలిక్ చేత తెప్పించింది. కాలేజీ వెనక బస్సుల షెడ్డు ముందు ప్రిన్సిపాలు, లెక్చరర్లు, డ్రైవర్లు నిలబడ్డారు. కోదండపాణి గారు వచ్చి, "ఇది కాలేజీయా, సర్కసా?" అన్నారు.

"సర్కసైతే టికెట్టు పెట్టేవాళ్ళం సార్. నిలబడి చూడండి" అన్నాడు ఏసుపాదం.

రికార్డింగ్ గది పలక, గవర్నర్‌పేట ముక్క, ఖాలిక్ ఫోము, మూడింటికీ ఒకే ఆయిలు పూసి, హెలెన్ మేడమ్ తన చేత్తో నిప్పు పెట్టింది. మొదటిది భగ్గున లేచి నల్లటి పొగ కక్కుతూ కరిగి కారడం మొదలుపెట్టగానే, ఆ రోజు బస్సులో ఉన్న లెక్చరర్ ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది. మూడోది ఆరిపోయాక ప్రిన్సిపాలు, "ఇదే వేయించండి, అన్ని బస్సులకీ" అన్నాడు. కాసేపాగి, "రికార్డింగ్ గదిలోదీ మార్చండి" అన్నాడు.

ఖాలిక్ షెడ్డులోనే ఉండి ఒక్కో బస్సుకే వేశాడు. ఏసుపాదం సెలవు రోజుల్లో కూడా వచ్చి పక్కనే నిలబడి, అంచుల టేపు గోటితో గీకి చూసి, "ఇక్కడ లేచింది చూడు!" అని అరిచేవాడు. "లేవలేదు భాయ్, నీ గోరు లేపింది" అని ఖాలిక్ తిరిగి అరిచేవాడు.

అన్ని బస్సులూ పూర్తయ్యాక తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. సెమినార్ హాలు నిండిపోయింది. అక్షయ మచ్చలు కనపడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకుని తల్లి పక్కన కూర్చుంది. కోదండపాణి గారు మైకు పట్టుకుని, మేనేజ్‌మెంట్ ముందుచూపుతో మంటను తట్టుకునే లైనింగు ఎలా వేయించిందో వివరించారు. "జరిగిన చిన్న పొరపాటు ఏదైనా, ఆ రోజు పిల్లల్ని దించిన మన డ్రైవర్ ఏసుపాదాన్ని సన్మానించుకుందాం" అని శాలువా విప్పారు.

ఏసుపాదం స్టేజీ ఎక్కాడు. చప్పట్లు. ఏ.ఓ. గారు శాలువా భుజాల మీద వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"శాలువా తర్వాతండీ. ముందు ఆ బీడీ మాట వెనక్కి తీసుకోండి."

కోదండపాణి గారు మొహం మీద నవ్వు చెదరకుండా వంగి, అతని చెవి దగ్గర ఏదో గొణిగారు.

"వినపడలేదండీ" అన్నాడు ఏసుపాదం. "నా చెవులు మీకు తెలుసుగా. మైకులో చెప్పండి."

ముందు వరసలో ప్రిన్సిపాలు ఏ.ఓ. వైపే చూస్తున్నాడు, ఆపలేదు. హెలెన్ మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. కోదండపాణి గారు శాలువా మడత సర్దుకున్నారు, గొంతు సవరించుకున్నారు. చివరికి మైకు అందుకున్నారు.

"ఆ రోజు... డ్రైవర్ బీడీ కాల్చలేదు. ఆ స్పాంజి అక్కడ పెట్టించింది నేనే. అది ఇంజను దగ్గర పెట్టేది కాదు. తెలుసుకోకుండా పెట్టించాను. నింద అతని మీద వేశాను. అది తప్పు."

ఏసుపాదం వెంటనే కనకలక్ష్మి వైపు చూశాడు. ఆమె తల వంచుకుని కూతురి చెయ్యి నిమురుతోంది. తర్వాత లేచి నిలబడి, జనం మధ్యలోంచే అతనికి దణ్ణం పెట్టింది. అతను తలాడించాడు. తిరిగి దణ్ణం పెట్టడానికి చేతులు రాలేదు. అన్ని రోజుల మంట ఒక్క దణ్ణంతో ఆరుతుందా?

శాలువా కప్పించుకోలేదు. మెట్లు దిగి, బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

పోయిన వినికిడి తిరిగి రాదని చెవి డాక్టరు చెప్పాడు, ఉన్నదన్నా నిలుపుకోమన్నాడు. అక్షయ ముంజేతి మీద మచ్చలు లేత గులాబీ రంగుకు తిరిగాయి, పూర్తిగా పోవట. కోదండపాణి గారు ఇప్పటికీ ఏ.ఓ.నే. ఎదురైతే ఇద్దరూ పలకరించుకోరు. కొత్తగా ఏది కొన్నా ఆయన డ్రైవర్లను పిలిచి చూపిస్తున్నారని హెలెన్ మేడమ్ చెబితే, "చూపించాలి మరి" అన్నాడు ఏసుపాదం, అంతకన్నా మెచ్చుకోలేదు.

మొన్నొక రోజు కంకిపాడులో టీ కోసం ఆగితే, పక్కనే ఆగిన ఒక ట్రావెల్స్ మినీబస్సు డ్రైవరు బానెట్ ఎత్తి నీళ్ళు పోస్తున్నాడు. మూత లోపల పరుపులోంచి కోసి అతికించిన పసుపుపచ్చ స్పాంజి. ఏసుపాదం టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఎవరయ్యా ఇది అతికించింది? ఎవరిని అడిగి అతికించావు?"

ఆ డ్రైవరు ఉలిక్కిపడి, "మీకెందుకండీ? నా బండి, నా చెవులు" అన్నాడు.

"వెనక కూర్చునే పిల్లలు కూడా నీ పిల్లలేనా?" అని ఏసుపాదం మచ్చలు పడ్డ ఎడమ అరచెయ్యి అతని మొహం ముందు చాపాడు. అతను ఆ చెయ్యి చూశాడు, స్పాంజి చూశాడు. ఇద్దరూ కలిసి దాన్ని పీకుతుండగా ఏసుపాదం ఆటోనగర్‌లో ఖాలిక్ షెడ్డు ఎక్కడుందో అరిచి చెబుతున్నాడు. టీ కొట్టులో ఉన్నవాళ్ళంతా వాళ్ళు కొట్టుకుంటున్నారనుకున్నారు.